పదుగురి పేరు - ఒక్కరి తాళము



దాయవిభాగమును జెప్పుచు మనుస్మృతి 9వ అధ్యాయము కొన్ని వస్తువులు పంచుకొనరానివని నిర్ణయించినది. అందు ఉదకము, అనగా నూతినీరు, ఒకటి. అన్నదమ్ములు పొలమును చెక్కలుచేసి పంచుకొనవచ్చును గాని నూతిని తునకలు చేయజాలరు. అట్టి సొత్తు మనకాలమున మఱియొకటి పుట్టినది. అది యంతర్జాలమందలి పేరు. దానినే డొమైను అందురు.

ఒక డొమైను లోకమున కంతకు నొక్కటియే. ముందుగా నమోదు చేసికొన్నవారికే యది చెల్లును. ఆ హక్కైనను శాశ్వతము గాదు. డాట్‌కామ్‌ పేరునకు ఒక్కసారి 10 ఏండ్లకు మించి గడువీయరు. గడువు దాటి, కొన్నాళ్ల దయాకాలమును గడచి, పేరు తొలగింపబడినచో, అధిక రుసుముతో విడిపించుకొనుటకు 30 దినములుండును. అటుపిమ్మట 5 దినములకు ఆ పేరెవ్వరైనను దీసికొనవచ్చును.

ఎవరి పని వారు చేసికొనుచునే యొక్క కప్పు క్రింద కూర్చుండి, అద్దెను స్నేహమును పంచుకొను పద్ధతికి కోవర్కింగ్‌ అని పేరు. 2005 ఆగస్టు 9వ తేదీన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున బ్రాడ్‌ న్యూబర్గ్‌ అనునాతడు దీని నారంభించెను. స్పైరల్‌ మ్యూజ్‌ అను స్త్రీవాద సమాజమువారి గృహమును, వారమునకు రెండుదినములు వాడుకొనుటకై, నెలకు 300 డాలర్లకు దీసికొనెను. మొదటి నెల యెవ్వరును రాలేదట! నేడో, ఇట్టి శాలలు హైదరాబాదులోను విశాఖపట్టణములోను గలవు.

అట్టి శాల నొకదానిని దలంపుడు. ఆరంభమున నుత్సాహవతి యగు నొక సభ్యురాలు స్వంత సొమ్ముతో, స్వంత పేరిట డొమైనును గొనును. ఏండ్లు గడచును. ముప్పదిమంది శ్రమచే ఆ పేరు నలుదెసల వ్యాపించి వెలగలది యగును. తరువాత నామె ఊరు మాఱవచ్చును, పరలోకగత కావచ్చును, మనసు మాఱి యమ్ముకొనవచ్చును. నమోదుపత్రమున నున్నది యామె పేరొక్కటియే. తక్కినవారి శ్రమకు అందు సాక్ష్యమేది?

పెద్దయెత్తున నిట్టి చిక్కు 2019లో వచ్చినది. ధర్మసంస్థలు విశేషముగా వాడుకొను డాట్‌ఆర్గ్‌ పేర్లను 2003 నుండి పబ్లిక్‌ ఇంటరెస్ట్‌ రిజిస్ట్రీ యనునది పాలించుచుండెను. దాని కధిపతియగు ఇంటర్నెట్‌ సొసైటీ 113 కోట్ల 50 లక్షల డాలర్లకు దానిని ఎథోస్‌ క్యాపిటల్‌ అను వ్యాపారసంస్థకు విక్రయింపదలచినట్లు ఆ నవంబరులో వెల్లడించెను. ఆ పేర్లు కోటి మాట. వానిని వాడుకొనువారికి ఆందోళనమే కాని ఓటు లేకపోయెను. తుదకు పేర్ల వ్యవస్థను పర్యవేక్షించు ఐకాన్‌ సంస్థ 2020 ఏప్రిలు 30న సమ్మతి నిరాకరింపగా బేరము చెడినది. అంతటి సంస్థలకే పరుల నిర్ణయము దిక్కైనప్పుడు, చిన్న సమాజముల మాట చెప్పవలెనా?

కావున ముందుజాగ్రత్త వలయును. మొదట సమాజమును 2001 నాటి సంఘముల చట్టము ననుసరించి నమోదు చేయింపవలెను. పిదప డొమైనును సమాజము పేరిటికి మార్పించి, కొన్న సోదరి వెచ్చించిన సొమ్మును కృతజ్ఞతతో తీర్పవలెను. ఆమె ముందుచూపు లేనిచో ఆ పేరే దక్కియుండదు గదా! రహస్యపదమును ఇద్దరెఱిగి యుండవలెను. గడువు తేదీని లెక్కపుస్తకమున వ్రాసియుంచవలెను. సర్వసభ్యుల సమ్మతి లేక అమ్మరాదని నియమావళిలో చేర్పవలెను.

ఇది మన స్త్రీలకు క్రొత్తవిద్య గాదు. పొదుపు సంఘములలో సొమ్ము సంఘము పేరిటనే బ్యాంకున నుండును. ఒక్కరి సంతకముతో వెలికి రాదు. అందుచే నెవ్వరి నమ్మకమునకును లోటు రాలేదు; సరికదా, స్నేహము నిలిచినది. వ్రాతలేని నమ్మకము తగవు పుట్టునంతవఱకే నమ్మకము. పదుగురు త్రవ్విన నూతికి చేద యొక్కరి యింట దాగియుండరాదు.