ప్రవేశం నుండి పట్టా వరకు

కళాశాలలో ప్రవేశం పొందడం ఒక ఎత్తు. చదువు పూర్తిచేసి పట్టభద్రులు కావడం మరొక ఎత్తు. బీద విద్యార్థుల విషయంలో మొదటిదానిని గురించి ఎంతో మాట్లాడుకొంటాం. రెండవదానిని వారి అదృష్టానికి విడిచిపెడతాం. ఈ రెండింటినీ కలిపి ఆలోచించిన ప్రయత్నాలలో అమెరికా దేశపు ‘ట్రయో’ పథకాలు ముఖ్యమైనవి. వాటి స్వరూపాన్ని ఇక్కడ సంగ్రహంగా వివరింపదలచాం.

1964లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికంపై యుద్ధం ప్రకటించారు. పేద విద్యార్థి అవస్థ ఆయనకు స్వానుభవమే. 1928లో డబ్బు చాలక చదువు మధ్యలో ఆపి, టెక్సాస్ రాష్ట్రంలోని కొటుల్లా అనే చిన్న ఊరిలో మెక్సికన్ కుటుంబాల పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ జీతంతో తిరిగి కళాశాలకు వెళ్లారు. 1965లో ఉన్నత విద్యా చట్టంపై ఆయన సంతకం చేసింది ఆ కళాశాల ఆవరణలోనే.

ఆ దశాబ్దంలోనే మూడు పథకాలు వెలిశాయి. 1964 నాటి చట్టం క్రింద ఏర్పడిన ‘అప్‌వర్డ్ బౌండ్’ ఉన్నత పాఠశాల విద్యార్థులను ముందుగానే సిద్ధపరుస్తుంది. బడి రోజులలో అదనపు పాఠాలు, వేసవిలో కొన్ని వారాలు కళాశాల ఆవరణలోనే గణితం, విజ్ఞానశాస్త్రం, వ్యాసరచన, సాహిత్యం బోధిస్తారు. 1965 నాటి ‘టాలెంట్ సెర్చ్’ చదువగల పిల్లలను గుర్తించి, దరఖాస్తులకూ ధనసహాయానికీ దారి చూపుతుంది. 1968లో వచ్చిన మూడవ పథకం కళాశాలలో చేరినవారికి ప్రత్యేక బోధన, పాఠ్యాంశాల ఎంపికలో సలహా అందించి చివరివరకు నడిపిస్తుంది. మూడు గనుక ‘ట్రయో’ అన్నారు. తరువాత సంఖ్య పెరిగినా పేరు నిలిచిపోయింది.

వీటిలో సామాన్యంగా మూడింట రెండు వంతుల స్థానాలు తల్లిదండ్రులిద్దరిలో ఎవరికీ పట్టా లేని, స్వల్పాదాయ కుటుంబాల పిల్లలకే చెందుతాయి. ఈ నియమంలో లోతైన అర్థముంది. ఇంట కళాశాల ముఖం చూసినవారు లేనప్పుడు, ఏ పాఠ్యాంశం తీసుకోవాలో, పరీక్ష తప్పితే ఏమి చేయాలో, ఎవరిని అడగాలో చెప్పేవారుండరు. ఆ లోటు కేవలం ధనంతో తీరేది కాదు.

ఫలితాలన్నీ ఘనమైనవని చెప్పలేం. ‘అప్‌వర్డ్ బౌండ్’పై ప్రభుత్వం చేయించగా 2004లో వెలువడిన పరిశీలన, కళాశాలలో చేరేవారి సంఖ్యపై మొత్తంమీద గణనీయమైన ప్రభావం కనబడలేదన్నది. అయితే పెద్ద చదువులపై ఆశ పెట్టుకోని పిల్లలకు మాత్రం మేలు స్పష్టంగా జరిగిందని కూడా తెలిపింది. అనగా ఆశ అడుగంటినచోటనే ఆసరా ఎక్కువగా ఫలిస్తుంది.

మన సంగతి చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో విస్తృతంగా అమలులోకి వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటు ఎందరో బీద పిల్లలకు కళాశాల ద్వారాలు తెరిచింది. కాని ఉర్దూ మాధ్యమంలోనో తెలుగు మాధ్యమంలోనో చదివి వచ్చిన విద్యార్థి, ఆంగ్లంలో సాగే తొలి ఉపన్యాసం అర్థంకాక వెనుక బల్లపై మౌనంగా కూర్చుంటే, ఆ మౌనానికి ఏ ఫీజూ సమాధానం కాదు. కొద్దినాళ్లకు ఆ బల్ల ఖాళీ అవుతుంది.

కనుక కళాశాల సంఘం వారికి మా విన్నపం స్వల్పమైనది: తొలి మాసాలలో ఆంగ్లానికి, గణితానికి అదనపు తరగతులు, కొత్తవారికి తోడుగా పై తరగతి విద్యార్థులు, వరుసగా రానివారి ఇంటికి వెళ్లి విచారించే ఒక అధ్యాపకుడు. వీటికి పెద్ద నిధులక్కరలేదు. విద్యార్థి మిత్రులారా, మీరును అర్థంకానిది అడగడానికి సంకోచించకండి. అడగడం చిన్నతనం కాదు, చదువులో మొదటి మెట్టు.