చేశాడా, చేసేవాడా: ఫ్రెంచి భూతకాలాలకు తెలుగు దారి

ఇంటర్‌లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకునే పిల్లలు హైదరాబాద్‌లో సుచిత్ర, కొంపల్లి వైపు కొత్తేమీ కాదు. ఇప్పుడు పెద్దవాళ్లూ ఆ పుస్తకం పట్టుకుంటున్నారు. కారణం కెనడా. 2023 నుంచి ఆ దేశం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (నిపుణులైన ఉద్యోగులకు శాశ్వత నివాసం ఇచ్చే పద్ధతి)లో ఫ్రెంచి వచ్చినవాళ్లను విడిగా పిలుస్తోంది. అందుకు చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగింటిలోనూ ఆ దేశపు ఫ్రెంచి కొలమానంలో కనీసం ఏడో స్థాయి కావాలి. టెఫ్ (ఆ స్థాయిని తేల్చే ఫ్రెంచి పరీక్ష) రాత భాగంలో ఒక వార్త మొదలు ఇచ్చి, మిగతాది రాయమంటారు. అంటే జరిగిన కథ చెప్పాలి. చాలామంది కాలు తడబడేది అక్కడే.

ఫ్రెంచి మాటల్లో ఎక్కువగా వాడే భూతకాలాలు రెండు. ఒకటి పాసె కొంపోజె (జరిగి ముగిసిన పనిని చెప్పేది). రెండోది ఇంపార్ఫె (అప్పటికి సాగుతున్న పనిని, అలవాటును, ఉన్న స్థితిని చెప్పేది). పని ఎంత పాతదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. దాన్ని ముగిసిన ముక్కగా చూస్తున్నామా, లోపల నిలబడి చూస్తున్నామా అన్నదే లెక్క.

మన దగ్గర ఫ్రెంచిని ఎక్కువగా ఇంగ్లీషు మీదుగా నేర్పుతారు. నా ఉద్దేశంలో ఈ ఒక్క పాఠానికి అది చుట్టుదారి. ఇంగ్లీషులో ‘వెళ్లాను’కీ ‘వెళ్లేవాణ్ని’కీ చాలాసార్లు ఒకే క్రియారూపం సరిపోతుంది. తెలుగులో ఆ తేడా క్రియ చివరే ఉంది. ‘మేడ్చల్ వెళ్లాను’ అంటే పాసె కొంపోజె. ‘ప్రతి ఆదివారం మేడ్చల్ వెళ్లేవాణ్ని’ అంటే ఇంపార్ఫె.

ఇప్పుడు ఈ రెండు వాక్యాలు చూడండి. ‘సుచిత్ర సర్కిల్లో బస్సు కోసం చూస్తున్నాను. అన్నయ్య ఫోన్ చేశాడు.’ జరిగింది నిన్నే అయినా మొదటి క్రియను వర్తమానంలోనే ఉంచాం. కథ చెప్పేటప్పుడు తెలుగువాళ్లం అలాగే చెబుతాం. ఆ ‘చూస్తున్నాను’ ఫ్రెంచిలో ఇంపార్ఫె అవుతుంది: జతాందె ల బ్యూస్. ‘చేశాడు’ పాసె కొంపోజె: మొఁ ఫ్రేర్ ఆ తెలెఫొనే. మొదటిదాన్నీ పాసె కొంపోజెలో పెడితే వాక్యం తప్పు కాదు, కథ మారిపోతుంది. ఎదురుచూపు ముగిశాక ఫోన్ వచ్చిందని వినేవాళ్లకు అర్థమవుతుంది. ‘నేను వెళ్లేసరికి తలుపు తీసి ఉంది’ అన్నప్పటి ‘ఉంది’ కూడా ఇంపార్ఫెదే.

‘తెలుసు’ విషయం ఇంకా బాగుంటుంది. ‘ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు’ అంటే జ సావె, ఇంపార్ఫె. ‘నిన్న తెలిసింది’ అంటే జే స్యూ, పాసె కొంపోజె. రెండూ ఒకే క్రియ. స్థితికి ఒకటి, ఆ స్థితి మొదలైన క్షణానికి మరొకటి.

చిక్కు ‘ఉన్నాం’తో వస్తుంది. ‘అప్పట్లో సుచిత్రలో ఉన్నాం’, ‘నిన్నంతా ఇంట్లోనే ఉన్నాం’ తెలుగులో ఒకేలా కనిపిస్తాయి. అక్కడ ‘ఉండేవాళ్లం’ పెట్టి చూడండి. మొదటి వాక్యంలో ఇముడుతుంది, కాబట్టి ఇంపార్ఫె. రెండోదాంట్లో ఇమడదు, కాబట్టి పాసె కొంపోజె. ‘చిన్నప్పుడు నాకు చీకటంటే భయం’లాగా తెలుగులో క్రియే లేని వాక్యాలకు ఫ్రెంచిలో క్రియ తెచ్చిపెట్టాలి. అది దాదాపు ఎప్పుడూ ఇంపార్ఫెలోనే.

ఎక్కువ కాలం సాగింది కాబట్టి ఇంపార్ఫె అనుకోవడం మామూలు పొరపాటు. యానాంను ఫ్రెంచివాళ్లు 1954 దాకా పాలించారు. ఎన్ని తరాలైనా సరే, ‘దాకా’ అని గిరి గీసేశాం కాబట్టి పాసె కొంపోజె. ‘మూడుసార్లు వెళ్లాను’ అని లెక్క చెప్పినా అంతే. మూసారంబాగ్‌లో సమాధి ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్‌నే తీసుకోండి. అతను నిజాం సైన్యాన్ని నడిపేవాడు: ఇంపార్ఫె. 1798లో చనిపోయాడు: పాసె కొంపోజె.

రూపాల సంగతి త్వరగా తేలుతుంది. ఇంపార్ఫెకు ‘మేము’ రూపంలోంచి చివరి ‘ఓఁ’ తీసి కొత్త ప్రత్యయం చేర్చాలి. దీనికి లొంగని క్రియ ఎత్ర్ (ఉండు) ఒక్కటే. పాసె కొంపోజెకు సహాయక క్రియ కావాలి. ఎక్కువ క్రియలకు అవ్వార్ (కలిగి ఉండు) సరిపోతుంది. వెళ్లడం, రావడం, పుట్టడం, చావడం వంటి కొన్నిటికి ఎత్ర్ కావాలి. చెవితో మాత్రం జాగ్రత్త. ‘జ పార్లె’ అంటే మాట్లాడేవాణ్ని, ‘జే పార్లే’ అంటే మాట్లాడాను. మొదటి అక్షరం నమిలేస్తే వినేవాళ్లకు రెండూ ఒకటే.

పాసె సాంప్ల్ (రాతలో మాత్రమే మిగిలిన భూతకాలం) అని మూడోది నవలల్లో, చరిత్ర పుస్తకాల్లో తగులుతుంది. గుర్తుపడితే చాలు. ఆల్బేర్ కామ్యూ 1942లో వచ్చిన ‘లెత్రాంజే’ నవలను దాదాపుగా అది లేకుండా, మాట్లాడుకునే పాసె కొంపోజెలోనే నడిపాడు. టెఫ్‌లో వార్తను కొనసాగించడానికీ ఆ పాసె కొంపోజె, పక్కన ఇంపార్ఫె ఉంటే సరిపోతుంది.