కోరంగివారి జన్మగ్రామములు

మారిషసు ద్వీపమునందును, బర్మాదేశమునందును తెలుగువారికి కోరంగివారను పేరు చిరకాలము వ్యవహారమున నుండెను. గోదావరీముఖమున, కాకినాడకు సమీపముననున్న కోరంగి రేవు 1839 సం. నవంబరు మాసపు టుప్పెనచే పాడయ్యెను గాని, దాని పేరు మాత్రము సముద్రము దాటి నిలిచినది. ఈ పేరును నమ్మి, తమ పూర్వుడు కోరంగియందే జన్మించెనని తలంచి యచ్చటనే వెదకువారి శ్రమ తఱచుగా వ్యర్థమగుచున్నది. ఓడ యెక్కిన చోటు వేఱు. పుట్టిన యూరు వేఱు. మద్రాసు రేవునుండి ఫిజీద్వీపమునకు 1903 మొదలు కూలికి పోయిన తెలుగువారును ఇట్లే యచ్చట మద్రాసీలైరి.

కావున మొదట చూడదగినది ఒడంబడిక కూలీల ప్రవాసపు చీటి. నేటాలునకు 1860 లో ట్రూరో యను నోడ పోయినది మొదలు 1911 వఱకు చేరిన 1,52,184 మంది పట్టికలు దాదాపుగా నిలిచియున్నవి. మారిషసు చీటీలు మోకాయందలి మహాత్మాగాంధీ సంస్థలో భద్రపఱుపబడియున్నవి. చీటియందు పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపైని గుఱుతులు వ్రాయబడెడివి.

అయినను గ్రామము పేరు కనబడినంతమాత్రమున గ్రామము దొరకినట్లు కాదు. వ్రాసినవాడు తాను విన్నదానిని ఇంగ్లీషు లిపిలో వ్రాసెను. ఆ లిపిలో త-ట లకును, ల-ళ లకును, హ్రస్వదీర్ఘములకును భేదము నిలువదు. కొత్తపల్లియు, కోటపల్లియు నొకటే రూపము దాల్చును. కొత్తపల్లులు మఱి యెన్ని తాలూకాలలో లేవు!

జిల్లాపేరును ఆనాటి యెల్లలతోనే గ్రహింపవలెను. ఉత్తరార్కాడు జిల్లా, చంద్రగిరి తాలూకా యని యున్నచో, నాతడు తమిళుడని నిర్ణయించుట తొందరపాటు. ఆ తాలూకా 1911 లో నేర్పడిన చిత్తూరు జిల్లాలో చేరినది. గుంటూరు జిల్లా 1904 లోను, పశ్చిమగోదావరి 1925 లోను ఏర్పడినవి. గంజాములో చాలభాగము 1936 లో ఒరిస్సాకు పోయినది.

చీటిలో నింటిపేరునకు గడి లేదు. నేటాలునందు నాయుడు, రెడ్డి యను బిరుదులే వంశనామములైనవి. ఇంటిపేరు వృద్ధుల నోటనే బ్రతికియుండును. అదియు నొక్కొక్కప్పు డూరిపేరే యైనను, పూర్వికులు విడిచివచ్చిన యూరు గావచ్చునుగాని చీటివాడు పుట్టిన యూరు గాకపోవచ్చును. అంతకంటె వ్యక్తినామము లొకప్పు డెక్కువ చెప్పును. అప్పన్న, అప్పలసామి, సింహాద్రి యను పేర్లు గల కుటుంబము సింహాచలస్వామిని కొలుచుచుండినచో, కోరంగికంటె విశాఖపట్టణపు టుత్తరభాగమును వెదకుట యుక్తము.

అచ్చటనే కష్టమధికము. రైతువారీ గ్రామములలో సెటిల్మెంటు రిజిష్టర్లు పట్టాదారుల పేళ్లు చూపును. కూలికి పోయిన భూమిలేనివాని పేరు లేకున్నను, అన్నదమ్ముల పేరైన నుండవచ్చును. విజయనగరము, బొబ్బిలి మొదలగు జమీందారీలలో 1948 నాటి రద్దు చట్టమునకు పూర్వము అట్టి రిజిష్టర్లు సాధారణముగా లేవు. ఆ గ్రామములనుండి పోయినవారికి ఊరి దేవత పేరును, ఇంటిపేరును చెప్పగల వృద్ధుల మాటయే ముఖ్యాధారము. చీటీలు భద్రముగనే యున్నవి. వృద్ధుల మాటను ముందుగా వ్రాసికొనవలెను.