ఆర్థికశాస్త్రం చదువు: తొలి సెమిస్టర్ నుంచే ప్రణాళిక అవసరం

సూరత్: తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు స్థిరపడిన సూరత్‌లో నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నడుపుతోంది. మరమగ్గాల కార్మికుల పిల్లలు కళాశాలలో ఆర్థికశాస్త్రాన్ని ప్రధానాంశంగా ఎంచుకుంటే, ఏ సెమిస్టర్‌లో ఏమి చదవాలో మొదటే నిర్ణయించుకోవాలి.

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యుజిసి) 2022 డిసెంబర్‌లో ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 కావాలి. మూడేళ్ల కోర్సులో కనీసం 60 క్రెడిట్లు ప్రధానాంశానికి, 24 ఉపాంశానికి చెందుతాయి. పరిశోధనతో కూడిన ఆనర్స్‌లో ప్రవేశానికి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తప్పనిసరి. కనుక నాలుగో ఏడాది అర్హత తొలి పరీక్షతోనే ముడిపడి ఉంది.

సూక్ష్మ ఆర్థికశాస్త్ర సూత్రాలకు కలన గణితం, ఎకనామెట్రిక్స్‌కు గణాంకశాస్త్రం పునాది. వీటిని ఉపాంశంగా ముందే చదివినవారికి పై తరగతుల భారం తగ్గుతుంది.

ఇంటి పరిస్థితుల వల్ల చదువు ఆపవలసి వచ్చినా దారి మూసుకుపోదు. తొలి ఏడాది 40 క్రెడిట్లతోపాటు వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు పూర్తిచేస్తే సర్టిఫికెట్ లభిస్తుంది. మూడేళ్లలోగా తిరిగి చేరి, గరిష్ఠంగా ఏడేళ్లలో డిగ్రీ ముగించవచ్చు. ఆ వేసవి కోర్సును విస్మరిస్తే మాత్రం ఏడాది శ్రమకు సర్టిఫికెట్ దక్కదు.