గాలి కత్తిరించు వేళ్ళు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖపట్నములో వేలకొలది చెట్లు కూలినవి. అంతటి గాలికి బలమైన చెట్టైనను పడవచ్చును. కాని నారుదశలోనే వేళ్ళు చుట్టుకొనిపోయిన చెట్టునకు ఆ ముప్పు మరింత ఎక్కువ.

ప్లాస్టిక్ కుండీలో వేరు గోడను తాకి, అచట తేమ ఉండుటచే గోడ వెంబడి తిరుగును. ఫిషింగ్ హార్బరులో చుట్టిపెట్టిన మోకువలె వేళ్ళు పేరుకొనును. నేలలో నాటినను ఆ చుట్టలు విడవు. లావెక్కినకొలది బిగిసి కాండమునే నొక్కవచ్చును. మట్టికుండకు గాలి చొరవ ఉన్నను, దాని గోడ చెమ్మగా ఉండుటచే అందును వేళ్ళు తిరుగును.

గుడ్డ సంచిలో వేరుకొన అంచును చేరగానే పొడిగాలి తగిలి ఎండిపోవును. ఇది నష్టముగా తోచును గాని లాభమే. కొన సజీవముగా నున్నంతవరకు వెనుక ప్రక్కవేళ్ళను అణచియుంచును; అది పోగానే అవి పుట్టుకొనివచ్చును. చిగురు త్రుంచిన మల్లె గుబురెక్కుటయు ఇట్టిదే. నర్సరీలలో సరుగుడు, నీలగిరి మొక్కలను పెంచు అడుగులేని గొట్టములను బల్లలపై ఎత్తుగా నిలుపుట ఇందుకే. నేలపై పెట్టినచో అడుగున గాలి తగులదు, వేరు నేలలోనికి దిగిపోవును.

గుడ్డకు లోపము లేకపోలేదు. హార్బరు చెంత మేడలపై సముద్రపుగాలికి సంచి త్వరగా ఆరును. వేసవిలో దినమునకు రెండుమార్లు నీరు పోయవలసిరావచ్చును. నీరు ఆవిరియైనచోట లవణములు తెల్లగా పేరుకొనును. అప్పుడప్పుడు అడుగునుండి కారునంతగా మంచినీరు పోసిన అవి కడుగుకొనిపోవును.

పాఠశాలలో ఒక బంతిమొక్కను ప్లాస్టిక్ డబ్బాలో, మరియొకదానిని ఇటుకలపై నిలిపిన గోనెసంచిలో పెంచి, రెండు నెలల తరువాత మట్టి కడిగి వేళ్ళను ప్రక్కప్రక్కన పరచి చూడవచ్చును.