లే నగరంలో మొదటి రెండు రోజులు

పిల్లలూ, వేసవి సెలవులలో లడఖ్‌లోని లే నగరం చూడబోతున్నారా? అయితే మొదటి రెండు రోజులూ ఏ పనీ పెట్టుకోకండి.

ఊరి పైన కొండ మీద తొమ్మిది అంతస్తుల రాజభవనం ఉన్నది. 17వ శతాబ్దంలో సెంగే నంగ్యాల్ అనే రాజు కట్టించాడు. విమానం దిగగానే అక్కడికి పరుగెత్తాలనిపిస్తుంది. వద్దు! లే సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలి పలచన. సముద్రతీరంలో ఒక్క శ్వాసకు అందే ప్రాణవాయువులో మూడింట రెండు వంతులే అందుతుంది. దానికి శరీరం అలవాటు పడాలి గదా!

తలనొప్పి వస్తే దాచకండి. (పెద్దవాళ్ళే ఎక్కువగా దాస్తారు!) అది ముదిరినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, వెంటనే డాక్టరుకు చూపించి, తక్కువ ఎత్తుకు దిగిపోవాలి.

మూడవ రోజున నెమ్మదిగా భవనం ఎక్కండి. కింద పాత ఊరి మట్టి ఇళ్ళు, దూరాన సింధునది లోయ, దాని వెనుక మంచుకొండలు కనిపిస్తాయి.