ఏనుగు వద్దు, బొమ్మలు వద్దు.. మరి జెర్సీ మీద ఏం వేద్దాం?

మొన్న డిసెంబర్‌లో ఒక రాత్రి, మా కురుపాం కుర్రాళ్ల క్రికెట్ టీమ్‌కి కొత్త జెర్సీ డిజైన్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి 143 మెసేజ్‌లు.

టీమ్‌లో ఆడేది పదిహేను మంది. గ్రూపులో ఉన్నది తొంభై మంది. మిగతావాళ్లంతా అభిమానులు. అంటే బౌండరీ దగ్గర కూర్చుని బాల్ గెడ్డలో పడితే తెచ్చిచ్చేవాళ్లు, పెళ్లయ్యాక ఆట మానేసినవాళ్లు, ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ సంక్రాంతి టోర్నమెంట్ స్కోరు కోసం ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్లు. నేను ఈ మూడో రకం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఫోటోషాప్ కాస్త వచ్చు కాబట్టి డిజైన్ నా మెడకి చుట్టుకుంది.

ఆ 143లో కొన్ని: "గ్యాస్ బండలు ఏసేవోళ్ల డ్రెస్‌లా ఉన్నాది." "కాలర్ లేకపోతే బనీనే కదేటి?" "18 నంబర్ నాది, ముందే సెప్తన్నాను." "డిజైన్ ఎవుడు సేసినాడో గాని ఆడికి కళ్లజోడు అవసరం."

చేసింది నేనే అని అందరికీ తెలుసు.

సరే, జెర్సీ మీద మన జనానికి ఉన్న పట్టింపు ఇవాళ్టిది కాదు. 2019 వరల్డ్ కప్ గుర్తుందా? జూన్ 30న ఎడ్జ్‌బాస్టన్‌లో ఇంగ్లండ్‌తో మ్యాచ్. రెండు టీములదీ నీలమే కాబట్టి మనవాళ్లు ఆరెంజ్ జెర్సీతో దిగారు. అప్పటిదాకా టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా ఓడని ఇండియా 31 పరుగుల తేడాతో ఓడింది. అంతే, తప్పంతా జెర్సీ మీదికి వెళ్లింది. జమ్మూకశ్మీర్ మాజీ ముఖ్యమంత్రి మెహబూబా ముఫ్తీ కూడా, మూఢనమ్మకం అనుకున్నా సరే, ఆ జెర్సీ వల్లే పోయింది అన్నట్టు ట్వీట్ చేశారు. తర్వాత 2024 మేలో టీ20 వరల్డ్ కప్ కోసం భుజాల మీద ఆరెంజ్ ఉన్న జెర్సీ వచ్చింది. "ఇదేం జెర్సీరా బాబూ" అని మా గ్రూపులోనే మీమ్స్ తిరిగాయి. జూన్ 29న బార్బడోస్‌లో సౌతాఫ్రికాను 7 పరుగులతో గెలిచాం. ఆ మీమ్స్ పంపినవాళ్లే జులైలో అదే జెర్సీ వేసుకుని పార్వతీపురంలో తిరిగారు.

మన హైదరాబాద్ కథ కూడా ఇదే. 2008లో లేత గోధుమ రంగు వేసుకున్న డెక్కన్ ఛార్జర్స్ ఆఖరి స్థానంలో ఉంది. 2009లో నీలానికి మారి కప్పు కొట్టింది. రంగు వల్ల గెలిచారా, గిల్‌క్రిస్ట్ వల్ల గెలిచారా అని అడిగితే మా బాబాయి ఇప్పటికీ రంగే అంటాడు. ఆరెంజ్-నలుపు సన్‌రైజర్స్ 2023లో పదో స్థానం, 2024లో బెంగళూరు మీద 287. నా దృష్టిలో జెర్సీ బాగుండటం అంటే గెలిచిన ఫోటోలో ఉండటమే. కానీ ఈ మాట గ్రూపులో అంటే ఊరుకోరు.

మళ్లీ మా జెర్సీ దగ్గరికి వద్దాం. ఈ కాలంలో ఊరూరా ఇన్ని రంగుల జెర్సీలు ఎలా వస్తున్నాయో తెలుసా? సబ్లిమేషన్ ప్రింటింగ్. డిజైన్‌ని కాగితం మీద తిరగేసి ప్రింట్ చేస్తారు. ఆ కాగితాన్ని తెల్ల పాలిస్టర్ గుడ్డ మీద పెట్టి దాదాపు 200 డిగ్రీల వేడిలో నొక్కితే ఇంకు ఆవిరై దారంలోకి దిగిపోతుంది. ఎన్నిసార్లు ఉతికినా పెచ్చులూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక రంగు వేసినా ఇరవై రంగులు వేసినా రేటు ఒకటే. మాకు పీస్ మూడొందల యాభై. ఆ సౌకర్యమే కొంప ముంచింది. ఎలాగూ ఎక్స్‌ట్రా లేదు కదా అని ప్రతివాడూ ఏదో ఒకటి కలపమన్నాడు.

మొదటి గొడవ ఏనుగుది.

మా మన్యం జిల్లాలో కొన్నేళ్లుగా ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగుల గుంపు తిరుగుతోంది. కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి, కురుపాం.. ఏ రాత్రి ఎక్కడ ఉంటాయో తెలీదు. కుర్రాళ్లకి మాత్రం ఏనుగంటే పవర్. "గుండెల మీద ఏనుగు తల, కింద కురుపాం. అదిరిపోద్ది." గ్రూపులో పోల్ పెడితే ఏనుగుకే మెజారిటీ వచ్చింది. నేనూ గీసేశాను, తొండం పైకెత్తి, కళ్లు ఎర్రగా.

అప్పటిదాకా గుడ్ మార్నింగ్‌లు తప్ప ఏమీ పెట్టని ఒక మావయ్య వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అరటి తోట తొక్కేసినాది, సెరుకు తినేసినాది, మనుషులు పోనారు. దాన్నే గుండెల మీద ఏసుకుని ఆడతారేటిరా? ఆడండి. నాను మేచ్‌కి రాను." నలభై సెకన్ల మెసేజ్. దాని కింద ఎవరూ ఎమోజీ కూడా పెట్టలేదు. ఏనుగు ఆ రోజే పోయింది. పోల్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇక నాకు నేనే ఒక ఐడియా తెచ్చుకున్నాను. చూస్తే తప్పు అక్కడే మొదలైంది.

మా చుట్టుపక్కల కొండల మీద గూడేల్లో సవరలు, జాతాపులు ఉంటారు. సవరల ఇళ్లలో గోడ మీద వేసే బొమ్మలు మీరు చూసే ఉంటారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా గీసిన మనుషులు, గుర్రాలు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు. ఇప్పుడవి చీరల మీద, బ్యాగుల మీద కూడా వస్తున్నాయి. ఇంటర్నెట్‌లో ఒక ఫోటో దొరికింది. ట్రేస్ చేసి, మెరూన్ మీద తెల్లగా, ఛాతీ అడ్డంగా రెండు వరసలు వేశాను. నిజం చెప్పొద్దూ, చాలా అందంగా వచ్చింది. గ్రూపంతా హార్ట్‌లు. "మన ట్రైబల్ టచ్ కేక అన్నా." ఆ మూడు రోజులు నన్ను పట్టుకోవడం కష్టమైంది.

మా ఓపెనింగ్ బౌలర్ సవర కుర్రాడు. కొండ దిగి ప్రాక్టీస్‌కి వచ్చి, చీకటి పడ్డాక మళ్లీ కొండెక్కుతాడు. వాడు మెసేజ్ చూసినట్టు బ్లూ టిక్ ఉంది, జవాబు లేదు. నాలుగో రోజు ఫోన్ చేశాడు.

"అన్నా, ఆ బొమ్మలు తీసెయ్."

"అదేంట్రా, మీవే కదా?"

"మావే. అందుకే తీసెయ్‌మంటన్నాను."

ఇంకేమీ చెప్పలేదు. సెలవు పెట్టుకుని ఊరెళ్లినప్పుడు వాడితో గూడేనికి వెళ్లాను. వాళ్ల తాతకి ఫోన్‌లో డిజైన్ చూపించాను. ఆయన ఫోన్‌ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చాలాసేపు చూశాడు. సవర భాషలో ఏదో అడిగాడు. మావాడు తెలుగులో చెప్పాడు: "ఎవరి పేరున ఏసినావు, అంటన్నాడు."

"నేనే వేశాను తాతా" అన్నాను. డిజైనర్ పేరు అడుగుతున్నాడనుకుని.

మావాడు నవ్వాడు. తర్వాత దారిలో చెప్పాడు. ఆ బొమ్మ ఊరికే వేసేది కాదంట. ఇంట్లో జబ్బు వచ్చినా, పంట చేతికొచ్చినా, పోయినవాళ్లని తలుచుకున్నా, ఫలానా పెద్ద పేరున, ఫలానా దేవత పేరున గోడ మీద వేయించి, తిండీ కల్లూ పెట్టి, రమ్మని పిలుస్తారు. బొమ్మ అంటే వాళ్లకి ఇల్లు లాంటిది, వచ్చి కూర్చుంటారు. "ఎవరి పేరూ నేకుండా ఏసేసి, ఏసుకుని సెమట కార్సుకుంటా పరిగెడితే ఎలాగన్నా?" తర్వాత చదివితే తెలిసింది, వెరియర్ ఎల్విన్ అనే ఆయన 1955లోనే ఒడిశా సవరల మతం గురించి ఒక లావుపాటి పుస్తకం రాశాడు, అందులో ఈ గోడ బొమ్మల గురించి బోలెడు ఉంది. నేను చూసింది ఒక్క ఫోటో.

అలాగని సవరలంతా అదే మాట అనలేదు. పార్వతీపురంలో డిగ్రీ చదివే ఇంకో సవర అబ్బాయి గ్రూపులో గట్టిగా వాదించాడు. "సీరల మీద ఎవులో ఏసుకుని అమ్ముకుంటే తప్పు నేదు గాని, మా టీమ్ చొక్కా మీద మేం ఏసుకుంటే తప్పేటి? కురుపాంలో సవరలు ఉన్నారని తెలియాల కదా." అది కూడా కొట్టిపారేసే మాట కాదు. రెండు రోజులు నడిచింది. ఆఖరికి నేను బొమ్మలు తీసేశాను. వాదన తేలి కాదు. వేసుకుని బౌలింగ్ చేయాల్సినవాడికి ఒంటి మీద బరువనిపిస్తే అది ఎంత అందంగా ఉండి ఏం లాభం?

మరి ఏం వేయాలి?

ఇక్కడ ఐర్లాండ్ కథ ఒకటి చెప్పాలి. నేను పనిచేసే ప్రాజెక్టులో క్లయింట్ వైపు ఒక ఐరిష్ ఆయన ఉన్నాడు. ఒక రోజు స్క్రీన్ షేర్ చేస్తూ పొరపాటున జెర్సీ ఫైల్ తెరిచేశాను. సారీ చెప్పబోతే ఆయన మీటింగే మర్చిపోయాడు. వాళ్ల దేశంలో గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ అని సొంత ఆటలు ఉన్నాయి. 1884లో పుట్టిన సంఘం నడుపుతుంది. క్రోక్ పార్క్‌లో ఫైనల్ జరిగితే ఎనభై వేల మంది వస్తారు. అయినా ఆడేవాళ్లకి జీతం లేదు. టీచర్లు, రైతులు, ఎలక్ట్రీషియన్లు సాయంత్రం పని అయ్యాక సొంత కౌంటీకి ఆడతారు. అందుకే అక్కడ కొత్త జెర్సీ వస్తే ఊరంతా తీర్పు చెబుతుందట, గీత ఒక్కటి పక్కకి జరిగినా ఊరుకోరట. నాకు మా 143 మెసేజ్‌లు గుర్తొచ్చాయి.

ఆయనది టిప్పరరీ కౌంటీ. 1920 నవంబర్ 21న డబ్లిన్‌తో టిప్పరరీ ఆడుతుండగా బ్రిటిష్ బలగాలు క్రోక్ పార్క్‌లోకి వచ్చి కాల్పులు జరిపాయి. 14 మంది చనిపోయారు. వాళ్లలో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఉన్నాడు. వందేళ్ల తర్వాత, 2020 నవంబర్ 22న, మన్‌స్టర్ ఫైనల్‌కి టిప్పరరీ తన నీలం-పసుపు పక్కన పెట్టి ఆకుపచ్చ-తెలుపు వేసుకుంది. అవి హోగన్ సొంతూరు గ్రేంజ్‌మాక్లర్ క్లబ్ రంగులు. కౌంటీ మొత్తం ఒక చిన్న ఊరి రంగు వేసుకుని దిగి, కార్క్‌ని ఓడించి, 1935 తర్వాత మొదటిసారి ఆ కప్పు కొట్టింది.

ఆ కాల్ అయ్యాక చాలాసేపు ఆలోచించాను. మా టీమ్ పేరు కురుపాం. కానీ కురుపాంలో ఇల్లున్నవాళ్లు ఆరుగురే. మిగతా తొమ్మిది మందిది తలో ఊరు, తలో గూడెం. ఏ జెర్సీ మీదా ఆ పేర్లు ఎప్పుడూ లేవు. వీపు మీద ప్లేయర్ పేరు కింద సాధారణంగా స్పాన్సర్‌ది వేస్తాం. అక్కడ వాడి ఊరు పేరు వేస్తే?

గ్రూపులో ఈసారి ఎవరూ తిట్టలేదు. "మా ఊరు పెద్దక్షరాల్లో ఎయ్యి" అని మాత్రం అందరూ అన్నారు.

ఒక్కరికే నచ్చలేదు. సగం డబ్బులు ఇస్తానన్న ఎరువుల కొట్టు ఆయనకి. వీపు పోతే ఛాతీ కావాలన్నాడు. నేను ఆయనకి టీమ్ ఇండియా చరిత్ర చెప్పాను. సహారా, స్టార్, ఒప్పో, బైజూస్, డ్రీమ్11.. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చాక డ్రీమ్11 కూడా తప్పుకుంటే ఆసియా కప్ స్పాన్సర్ పేరు లేకుండానే ఆడారు, ఆ జెర్సీయే నీట్‌గా ఉంది. ఆయన శ్రద్ధగా విని, "అయితే మరి డబ్బులెవులిస్తారు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కుడి చేతి మీద ఆయన పేరు, ఎడమ చేతి మీద ఆయన ఫోన్ నంబర్. అక్కడ సెటిల్ అయింది.

జెర్సీలు పండక్కి రెండు రోజుల ముందు వచ్చాయి. ఫోన్‌లో ముదురాకుపచ్చగా ఉన్నది గుడ్డ మీద కొంచెం నల్లబడింది. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, ఇంకు వెలుగు మింగుతుంది, ఎంత చెప్పినా జనం నమ్మరు. అసలు దెబ్బ ఇంకోటి. నేను యూనికోడ్‌లో పంపిన తెలుగు పేర్లని ప్రింటర్ తన పాత సాఫ్ట్‌వేర్‌లో తెరిచాడు. వత్తులన్నీ విడిపోయాయి. మా వికెట్‌కీపర్‌ది గుమ్మలక్ష్మీపురం. ఇన్ని వత్తులున్న ఊరికి ఏమై ఉంటుందో మీరే ఊహించుకోండి. కోడ్ రాసి బతికేవాణ్ని, అక్షరాల్ని బొమ్మగా మార్చి పంపాలని తట్టలేదు. వాడు దాన్నే వేసుకుని మూడు మ్యాచ్‌లు కీపింగ్ చేశాడు. "మా ఊరు విరిగిపోనాది" అని అందరికీ వీపు చూపించాడు.

సెమీస్‌లో ఓడిపోయాం. జెర్సీ రంగు వల్లే అని ముగ్గురు తేల్చేశారు.

మా బౌలర్ గూడెం పేరులో వత్తు లేదు, శుభ్రంగా పడింది. పండగ వెళ్లాక వాడు ఫోన్ చేశాడు. "అన్నా, తాతకి ఒకటి కావాలంట. ఎక్సెల్ సైజు."

"నంబర్ ఏం వేయమంటావు?"

"నంబరొద్దు, పేరొద్దు. ఊరు పేరు సాలంట."

ప్రింటర్‌ని అడిగాను. ఒక్క పీస్ వెయ్యడంట, మినిమమ్ పది. ఇంకా తొమ్మిది మందిని వెతుకుతున్నాను.